నలభై శాతం గీతకు అవతల

వారానికి మూడుసార్లు, ప్రతిసారీ నాలుగేసి గంటలు డయాలిసిస్ యంత్రం పక్కన పడుకుంటే తప్ప ప్రాణం నిలవని మనిషి వికలాంగుడా, కాడా? అతణ్ని కూలికి పిలిచే రైతు ఉండడు, కొలువులో కొనసాగించే యజమాని అరుదు. బస్సు ఎక్కి జిల్లా ఆసుపత్రికి వెళ్లి రావడమే ఆ రోజుకు అతను చేయగలిగిన పని. అయినా మన వికలాంగుల హక్కుల చట్టం దృష్టిలో మూత్రపిండాల వైఫల్యం వైకల్యం కాదు. చట్టానికి జతపరచిన జాబితాలో ఆ జబ్బు పేరు లేదు. నాలుగడుగులు వేస్తే ఆయాసపడే గుండె జబ్బు పేరు లేదు. రాతి గనుల్లో, క్వారీల్లో పనిచేసినవారి ఊపిరితిత్తులను గట్టిపరిచే సిలికోసిస్ పేరు లేదు. క్యాన్సర్ పేరూ లేదు. ఈ దేశంలో పేదవాడి చేతుల్లోంచి పనిని లాక్కుపోతున్నవి ముఖ్యంగా ఈ జబ్బులే. వికలాంగుల పింఛను కోసం పెట్టిన గుమ్మం దగ్గర వీటికి ప్రవేశం లేదు.

చట్టం చేసినవారికి ఈ సంగతి తెలియక జరిగిన పొరపాటు కాదిది. 1995 నాటి చట్టం ఏడు వైకల్యాలనే గుర్తించింది. 2016లో పార్లమెంటు ఆమోదించి, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం ఆ సంఖ్యను 21కి పెంచింది. తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ వ్యాధి, పార్కిన్సన్స్, మల్టిపుల్ స్క్లెరోసిస్, ఆటిజం, కండరాల క్షీణత, యాసిడ్ దాడి గాయాలు అప్పుడే గుర్తింపు పొందాయి. అది నిస్సందేహంగా ముందడుగు. అదే చట్టం తన నిర్వచనాల సెక్షన్‌లో ఐక్యరాజ్యసమితి ఒడంబడికలోని ఉదాత్తమైన భావనను తెచ్చి పెట్టుకుంది. దీర్ఘకాలిక శారీరక, మానసిక, మేధో, ఇంద్రియ లోపం సమాజంలోని అడ్డంకులతో కలిసి, ఇతరులతో సమానంగా జీవించకుండా ఎవరిని ఆపుతుందో వారు వికలాంగులన్నది ఆ భావన. ఈ నిర్వచనం ప్రకారం డయాలిసిస్ రోగి నిస్సంశయంగా వికలాంగుడే.

కానీ ఆ నిర్వచనం ఎవరి కడుపూ నింపదు. ప్రయోజనాల విషయానికి వచ్చేసరికి చట్టం రెండు గీతలు గీసింది. జబ్బు పేరు జాబితాలో ఉండాలన్నది మొదటి గీత. వైకల్యం 40 శాతానికి తగ్గకూడదన్నది రెండోది. ఉన్నత విద్యలో రిజర్వేషన్, ప్రభుత్వోద్యోగం, రాష్ట్రాలిచ్చే పింఛను, పన్ను మినహాయింపు వంటి ముఖ్యమైన సదుపాయాలన్నీ ఈ గీతలు దాటినవారివే. మొదటి అధ్యాయంలో విశాలంగా తెరిచిన తలుపును చివరి పుటలోని జాబితా దగ్గర మూసివేసిన చట్టమిది.

దేశంలో 10 కోట్లకు పైగా మనుషులకు మధుమేహం ఉందని 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం తేల్చింది. ఆ మధుమేహమే కాలి నరాలను చంపి, పుండును ముదరబెట్టి, చివరకు కాలు తీసేసేలా చేస్తే రోగి వికలాంగుడవుతాడు. కంటిచూపును హరిస్తే వికలాంగుడవుతాడు. మూత్రపిండాలను మాత్రమే పాడుచేస్తే కాడు. ఒకే జబ్బు, ఒకే మనిషి, పోయిన ఉపాధీ ఒకటే. కంటికి కనిపించే అవయవం పోయిందా, కనిపించనిది పోయిందా అన్నదొక్కటే తేడా. శరీరం పూర్తిగా శిథిలమయ్యాక, అదీ బయటకు కనిపించే చోట శిథిలమయ్యాకే చేయి అందించే విధానాన్ని సంక్షేమం అనడం సాధ్యమా?

జాబితాలో పేరున్నవారి కథ కూడా సుఖాంతం కాదు. సికిల్ సెల్ రక్తహీనతను 2047 నాటికి నిర్మూలిస్తామంటూ 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో ప్రధానమంత్రి ఆర్భాటంగా జాతీయ కార్యక్రమాన్ని ప్రారంభించారు. ఆ వ్యాధి 21 వైకల్యాలలో ఒకటి. కానీ ప్రభుత్వోద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్‌ను పంచిన సెక్షన్‌లో దానికి చోటివ్వలేదు. తలసీమియాకు, హీమోఫీలియాకు కూడా ఇవ్వలేదు. అంటే రక్త సంబంధ వ్యాధి ఉన్న గిరిజన యువతి చదువుకునేటప్పుడు వికలాంగురాలు. ఉద్యోగానికి దరఖాస్తు చేసేటప్పుడు కాదు. అదే చట్టం, అదే శరీరం.

ఇక శాతాల సంగతి. కీలు ఎంత వంగుతోంది, చెవికి ఎన్ని డెసిబెల్స్ వినిపిస్తున్నాయి, కన్ను ఎంత దూరం చూస్తోంది అన్నవి కొలిచి వైద్యుడు ఒక అంకె వేస్తాడు. 39 అంటే ఏమీ లేదు, 40 అంటే అన్నీ ఉన్నాయి. 2024 అక్టోబరులో సవరించిన నిబంధనలు వికలాంగుల గుర్తింపు కార్డుకు రంగులు కూడా నిర్ణయించాయి. 40 శాతం లోపు వారికి తెలుపు, 40 నుంచి 80 లోపు వారికి పసుపు, 80, ఆపైన నీలం. ఆ సవరణలోనే ధ్రువపత్రం జారీకి ఉన్న నెల గడువును మూడు నెలలకు పెంచారు. రంగులు తేల్చడంలో చూపిన శ్రద్ధ వేగం పెంచడంలో కనిపించలేదు.

మనిషిని అంకెగా మార్చడం తప్పనిసరా? కాదని ఈ దేశపు చట్టాలే చెబుతున్నాయి. వలస పాలనలో వచ్చిన 1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టం, పనిలో గాయపడినవాడు సంపాదనా శక్తిని ఎంత కోల్పోయాడని అడిగింది. రోడ్డు ప్రమాద బాధితుల పరిహారంపై 2010 అక్టోబరులో ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు, వైద్యుడు చెప్పిన వైకల్య శాతాన్ని యథాతథంగా సంపాదన నష్టంగా లెక్కించరాదని స్పష్టం చేసింది. ఎడమ చేయి పోతే డ్రైవరుకో వడ్రంగికో బతుకుతెరువే పోవచ్చు, గుమస్తా ఉద్యోగం నిలవవచ్చు అన్నది న్యాయస్థానం ఇచ్చిన వివరణ. 2021లో సివిల్ సర్వీసెస్ అభ్యర్థి కేసులో, 40 శాతం గీత దాటనంత మాత్రాన పరీక్షలో లేఖకుణ్ని నిరాకరించడం కుదరదని చెప్పింది. 2024 అక్టోబరులో వైద్య విద్య కేసులో, శాతం చూసి విద్యార్థిని పంపేయరాదనీ, ఆ కోర్సు చదవగలడా లేదా అన్నదే చూడాలనీ తీర్పునిచ్చింది. కోర్టు హాలులో అంగీకరించిన తర్కం సదరం శిబిరంలో ఎందుకు చెల్లదు? లారీ గుద్దితే సంపాదన నష్టం లెక్కిస్తారు, జబ్బు గుద్దితే మాత్రం కీళ్ల వంపు కొలుస్తారు. ఈ తేడాకు సమర్థన ఎక్కడుంది?

సమర్థన ఉందనేవారు ముందు దొంగ ధ్రువపత్రాల మాట ఎత్తుతారు. 2024లో మహారాష్ట్రకు చెందిన ఒక ప్రొబేషనరీ ఐఏఎస్ అధికారిణిపై వచ్చిన ఆరోపణలు వారికి గట్టి ఆయుధమయ్యాయి. మోసాలు లేవని ఎవరూ అనరు. మోసపూరితంగా ప్రయోజనం పొందినవారికి రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా విధించే సెక్షన్ చట్టంలోనే ఉంది. దాన్ని ప్రయోగించవలసింది పెద్ద ఉద్యోగాల కోసం, సీట్ల కోసం పత్రాలు కొన్నవారి మీద, అమ్మిన వైద్యుల మీద. జరుగుతున్నది వేరు. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో పింఛన్ల పునఃపరిశీలన జరిపి, 40 శాతానికి తగ్గిందన్నవారికి నోటీసులు పంపారు. ఏళ్ల తరబడి పింఛను తీసుకుంటున్నవారు రోడ్డెక్కాక గానీ అప్పీలు తేలేదాకా చెల్లింపులు ఆపబోమన్న హామీ రాలేదు. అనర్హులను ఏరివేయడం ప్రభుత్వ బాధ్యతే. అయితే మొదట పత్రం ఇచ్చినదీ ప్రభుత్వ వైద్యుడే, తరువాత కాదన్నదీ ప్రభుత్వ వైద్యుడే అయినప్పుడు, సంజాయిషీ చెప్పుకోవలసిన భారం మంచం పట్టినవాడి మీద పడడం ఏ న్యాయం?

రెండో వాదన ఖర్చు. దీనికి జవాబుగా కేంద్రం ఇప్పుడు చేస్తున్న ఖర్చును చూడాలి. ఇందిరాగాంధీ జాతీయ వికలాంగుల పింఛను 2009లో మొదలైంది. 2012లో నెలకు 300 రూపాయలకు పెరిగి అక్కడే ఆగింది. అంటే రోజుకు 10 రూపాయలు. అదైనా దారిద్ర్యరేఖకు దిగువన ఉండి, 80 శాతం వైకల్యం ఉన్నవారికే. 2011 జనగణన ప్రకారం దేశంలో 2.68 కోట్ల వికలాంగులుంటే, ఈ పింఛను అందేది పది లక్షల అటూ ఇటూ మందికి. ఈ మొత్తాన్ని పెంచాలని గ్రామీణాభివృద్ధి స్థాయీ సంఘం పలుమార్లు సిఫారసు చేసినా చలనం లేదు. సామాజిక భద్రతా పథకాల్లో వికలాంగులకు ఇతరుల కంటే కనీసం 25 శాతం ఎక్కువ ఇవ్వాలని 2016 చట్టం 24వ సెక్షన్ చెబుతోంది. 80 ఏళ్లు దాటిన వృద్ధులకు కేంద్రం ఇచ్చేది 500, అదే వయసు వికలాంగులకు ఇచ్చేదీ 500. ఆ 25 శాతం ఏమైందో చెప్పే బాధ్యత ఎవరిది? పేరు విషయంలో మాత్రం ఉదారత్వం పొంగింది. వికలాంగులు దివ్యాంగులయ్యారు, మంత్రిత్వశాఖలోని విభాగం బోర్డు మారింది, పింఛను మారలేదు.

రాష్ట్రాలు ఈ ఖాళీని తోచిన రీతిలో పూడుస్తున్నాయి. తెలంగాణ 2023లో వికలాంగుల పింఛనును 4,016 రూపాయలు చేసింది. ఆంధ్రప్రదేశ్ 2024లో 6,000 చేసింది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మూత్రపిండాల వ్యాధి ఇంటింటి గాయమైన ఫలితంగా ఆ రాష్ట్రంలో డయాలిసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయలు అందుతున్నాయి. సిలికోసిస్ బాధితులకు సహాయమిచ్చే విధానాన్ని రాజస్థాన్ 2019లో తెచ్చింది. వీటన్నిటి వెనుకా ఏళ్ల పోరాటాలున్నాయి. ఇవి ఒక విషయాన్ని రుజువు చేశాయి. జాబితాలో లేని జబ్బును గుర్తించి డబ్బు చెల్లించడం అసాధ్యమేమీ కాదు. అయితే ఇవి ప్రభుత్వ ఉత్తర్వుల మీద నిలిచిన ప్రయోజనాలు, చట్టబద్ధమైన హక్కులు కావు. రాష్ట్రం సరిహద్దు దాటితే ఉండవు, ప్రభుత్వం మారితే ఉంటాయన్న నమ్మకం లేదు. ఉద్దానం నుంచి గంజాం వైపు కొద్ది దూరం వెళితే జబ్బు అదే, పింఛను వేరు.

అసలు ఈ జబ్బుల భారం ఎవరి మీద పడుతోంది? నెల జీతగాడికి సెలవులుంటాయి. 21,000 రూపాయల లోపు వేతనం ఉన్న సంఘటిత కార్మికుడికి ఈఎస్ఐ ఉంటుంది. భవన నిర్మాణ కూలీకి, కౌలు రైతుకు, ఇళ్లలో పనిచేసే మహిళకు జబ్బు చేసిన రోజే ఆదాయం ఆగిపోతుంది. ఆసుపత్రి ఖర్చును ఆయుష్మాన్ భారతో ఆరోగ్యశ్రీయో భరించవచ్చు. మంచం మీద ఉన్నన్నాళ్లు ఇంట్లో పొయ్యి వెలిగించే పథకం అరుదు. ఆపరేషన్ ఉచితం, ఆకలి సొంతం.

మార్పునకు కొత్త చట్టం అక్కర్లేదు. కేంద్ర ప్రభుత్వం నోటిఫై చేసే ఇతర విభాగాలను చేర్చుకునే వీలు 2016 చట్టపు జాబితాలోనే ఉంది. పార్లమెంటు సమావేశం లేకుండా, ఒక్క గెజిట్ ప్రకటనతో డయాలిసిస్ దశకు చేరిన మూత్రపిండాల వైఫల్యాన్ని, తీవ్రమైన గుండె, ఊపిరితిత్తుల వ్యాధులను, సిలికోసిస్‌ను చేర్చవచ్చు. పింఛను విషయంలో శాతంతో పాటు సంపాదనా శక్తి నష్టాన్ని కొలిచే పద్ధతిని నిబంధనల్లో పెట్టవచ్చు. 80 శాతం షరతును తీసేసి, 300 రూపాయలను ధరలకు తగినట్టు పెంచి, ధరలతో పాటు పెరిగేలా చేయవచ్చు. వీటిలో ఏ ఒక్కటీ న్యాయశాస్త్రానికి కొత్త కాదు, ఖజానాకు మోయలేని బరువూ కాదు.

చేయకపోవడానికి కారణం వేరే ఉంది. జబ్బుపడినవారు ఊరేగింపు తీయలేరు, డయాలిసిస్ రోగి ధర్నాచౌక్‌లో వారం రోజులు కూర్చోలేడు. వారి బలహీనతే ప్రభుత్వాలకు తీరిక ఇస్తోంది. చట్టం రాసిన నిర్వచనాన్ని చట్టం చేతే పాటింపజేయమని అడగవలసిన పని ఇక నడవగలిగినవారిది, మాట్లాడగలిగినవారిది, ఓటు అడగడానికి గుమ్మం ముందుకు వచ్చిన ప్రతి అభ్యర్థిని నిలదీయగలిగినవారిది.