దీపం ఆర్పితే దోషం పోతుందా?

ఛందస్సు వదలి ఈ ముసలి పంతులు చమురులో చేతులు ముంచాడేమని నవ్వకండి. నా కోపానికి కారణం ఉంది.

మొన్న ఒక మిత్రుడు ఫోనులో మాట్లాడుతూ, నా పాత మారుతీ 800లో ఇంజను గుర్తున్న పసుపు దీపం వెలుగుతోందని చెప్పగానే, "మాస్టారూ, పాత బళ్ళన్నిటికీ అది మామూలే. బల్బు పీకించేయండి, మనశ్శాంతిగా ఉంటుంది" అని హితవు పలికాడు. ఆ హితవును ఆచరించినవాడు ఇదివరకే ఒకడున్నాడు. నాకు ఈ 2004 నాటి బండిని అమ్మిన పెద్దమనిషే. తాళం తిప్పగానే డాష్‌బోర్డు మీది దీపాలన్నీ ఒకసారి వెలిగి, ఇంజను అందుకున్నాక ఆరిపోవాలి. వెలగవలసిన దీపం వెలగకపోవడం ఆరోగ్య లక్షణం కాదు, సాక్షి నోరు నొక్కారన్న దానికి గుర్తు. కొన్న నెలకు గాని ఈ మాట నాకు తట్టలేదు. బల్బు పెట్టించాను. వానాకాలం రాగానే వెలిగింది.

వెంటనే మైదానంలోని ఒక పట్టణానికి తీసుకుపోయాను. అక్కడి నిపుణుడు సంకేతాలు చదివే పెట్టె తగిలించి, ఆక్సిజన్ సెన్సారు పోయిందన్నాడు. మార్చాడు. దీపం ఆరింది. పది రోజులకు మళ్ళీ వెలిగింది. ఈసారి పెట్రోలు పంపు మార్చాడు. నా పింఛనులో ఒక మంచి ముక్క అలా మారింది. ఇంజను మాత్రం మారలేదు.

అసలు జరిగినదేమిటో తరువాత తెలిసింది. ఒక సిలిండరులో నిప్పురవ్వ పుట్టకపోతే అందులోని గాలి, పెట్రోలు కాలకుండానే బయటికి పోతాయి. ఆ గాలిలోని ఆక్సిజన్ పొగగొట్టంలోని సెన్సారును తాకుతుంది. "ఇక్కడ ఆక్సిజన్ ఎక్కువగా ఉంది" అని అది విన్నవిస్తుంది. అక్షరాలా సత్యం! సత్యం చెప్పిన సాక్షిని పీకి పారేసి, దానిచోట అదే మాట చెప్పే కొత్త సాక్షిని నిలబెట్టి, దానికి నా చేత డబ్బు కట్టించారు. పొగను బట్టి నిప్పును ఊహించే పాఠం తర్కశాస్త్రంలో మొదటి మెట్టు. పొగ కనబడిన ఇంటికి నిప్పే మూలమనవచ్చు గాని, ఆ నిప్పు పెట్టినవాడెవడో పొగ చెప్పదు. దీపం ఇచ్చేది అనుమానం, తీర్పు కాదు. నేనూ ముప్పై ఏళ్ళు కాంపోజిషను పుస్తకాలలో ఎర్రసిరాతో గీతలు గీశాను. గీత కింద ఉన్న పదాన్ని మార్చి తెచ్చే పిల్లవాడు, తప్పు దాని ముందున్న సంధిలో ఉందని ఎన్నడూ చూసేవాడు కాదు.

ఇక ఆ రాత్రి సంగతి. మా పొరుగువారి కోడలికి నెలలు నిండాయి. కాకినాడ పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నారు. 108 బండి మరో ఊరికి వెళ్ళి ఉంది. జడవాన. ఉన్న కారు నాది. జడ్డంగి దాటి అడ్డతీగల వైపు పోతుండగా ఇంజను తప్పడం మొదలుపెట్టింది. మూడు సిలిండర్ల ఇంజనులో ఒకటి మొరాయిస్తే మూడోవంతు బలం పోయినట్లే. ఎత్తు వచ్చినప్పుడల్లా మొదటి గేరు, ప్రతి కుదుపుకూ వెనుక సీటులోంచి మూలుగు. ఎలాగో అడ్డతీగల చేరి, అక్కడ వేరే బండి దొరికించుకున్నాం. తల్లీబిడ్డా క్షేమం. కాని ఆ మూలుగు నా చెవిలో ఇప్పటికీ ఉంది. అందుకే బల్బు పీకించమన్న మాట నాకు హాస్యంగా వినబడలేదు.

దోషం పట్టుకున్నది మా రాజవొమ్మంగిలో మోటారు సైకిళ్ళు బాగుచేసే కుర్రవాడు. అతని దగ్గర పెట్టె లేదు, ప్రశ్న ఉంది. "వానలోనే తప్పుతుందా మేష్టారండీ, ఎండలో కూడానా?" ఈ ఒక్క ప్రశ్న పట్టణంలో ఎవరూ అడగలేదు. చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా, ఎత్తు ఎక్కేటప్పుడా, నిలిచి ఉన్నప్పుడా అన్నది వైద్యంలో రోగి చరిత్ర వంటిది. పొడి షెడ్డులో పట్టపగలు పరీక్షిస్తే నా బండి అమాయకంగానే నటించింది మరి.

ఇంజను తిరుగుతుండగా ఇంజెక్టర్ల కనెక్టర్లను ఒక్కొక్కటే తీసి పెట్టాడు. మొదటిది తీస్తే ఇంజను వణికింది, మూడోది తీసినా వణికింది. రెండోది తీస్తే ఏ తేడా లేదు. పనిచేయనివాడు సెలవు పెడితే ఎవరికి తెలుస్తుంది? (ప్లగ్గు తీగలు లాగి ఈ పరీక్ష చేసేవారున్నారు. కాలని పెట్రోలు కెటలిటిక్ కన్వర్టరులోకి పోయి దాన్ని మాడుస్తుంది, లాగినవాడికి షాకు అదనం.) తరువాత రెండో ప్లగ్గును మొదటిదాని చోట పెట్టాడు. దోషం ప్లగ్గుతోపాటు కదలలేదు, రెండోదాని దగ్గరే ఉండిపోయింది. చీకటి పడ్డాక బానెట్టు ఎత్తి తీగల మీద సన్నగా నీళ్ళు చిలకరించాడు. రెండో తీగ నుంచి ఇంజను లోహం మీదికి నీలపు మెరుపు టకటక దూకింది. ఎలుక కొరికిన చోటు! తీగల జత ఖరీదు సెన్సారు ధరలో పిసరు.

"ఇంతకీ దీపమే వెలగకపోతే?" అనేవారికి మరో మాట. మన దేశంలో కార్ల లోపాలను బండే కనిపెట్టే ఏర్పాటు మొదటి దశ 2010 ఏప్రిల్‌లో, రెండో దశ 2013 ఏప్రిల్‌లో వచ్చాయి. మిస్‌ఫైరును ప్రత్యేకంగా గమనించడం ఆ రెండో దశ పని. నా బండి వంటి పాతవాటిలో ఇంజను కుంటుతున్నా దీపం మౌనంగా ఉండవచ్చు. దాని మౌనమూ తీర్పు కాదు. కొత్త బళ్ళలో ఆ పసుపు దీపం మినుకుమినుకుమంటే మాత్రం మిస్‌ఫైరు తీవ్రంగా ఉన్నట్లు, వేగం తగ్గించాలి. చమురు చెంబు గుర్తున్న ఎర్రదీపం వెలిగిందా, ఇంజను అక్కడికక్కడే ఆపాలి. దానితో తర్కించడానికి వ్యవధి లేదు.

అన్నట్లు, 'మిస్‌ఫైరు'కు తెలుగు చేయమని నన్నడగకండి. మెకానిక్కులు 'మిస్సింగు' అంటారు, నాకది చాలు.

"పాతది అమ్మి కొత్తది కొనరాదా?" అనే మిత్రులు మైదానపు తారురోడ్ల మీది నుంచి ఆ మాట అంటారు. ఇక్కడ ఈ బండే మాకు ప్రాణం. మా ఊరి పోలీసు ఠాణా మీద అల్లూరి సీతారామరాజు దళం 1922 ఆగస్టు 24న దాడి చేసింది. ఆ తరువాత ఆయన ముందుగా జాబు పంపి మరీ దాడులు చేసేవాడు. మిరపకాయ టపా అంటారు దాన్ని. జాబు తెచ్చినవాణ్ణి తన్ని పంపేస్తే దాడి ఆగుతుందనుకున్న అధికారి ఎవరైనా ఉంటే, అతడు నా ఫోను మిత్రుడికి తాత అయి ఉండాలి.

బల్బు ఉంది, ఉంటుంది. నేడు ఉదయం తాళం తిప్పాను. అన్నీ వెలిగాయి, అన్నీ ఆరాయి. ఎలుకల బోను మాత్రం కారు పక్కనే పెట్టాను.