ఊరినే పైకెత్తిన దీవి

అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో మన తెలుగువారు అనేకులు కాపురముంటున్నారు. సెలవు దొరికితే వారు పిల్లలను తీసుకొని వెళ్లే సముద్రతీరము గాల్వెస్టన్. టెక్సస్ రాష్ట్రపు అంచున, మెక్సికో అఖాతంలో, సుమారు 43 కిలోమీటర్ల పొడవున సన్నగా సాగిన ఇసుక దీవి అది. ఒడ్డు వెంబడి హోటళ్లు, తినుబండారాల అంగళ్లు, కేరింతలు కొట్టే పిల్లలు. ఆ రోడ్డు క్రింద ఏమున్నదో వచ్చిపోయేవారిలో చాలామంది ఎరుగరు.

1900లో అది పత్తి ఎగుమతి చేసే గొప్ప రేవు. జనాభా సుమారు 38,000. ఊరిలో ఎత్తైన చోటు కూడ సముద్రమట్టానికి తొమ్మిది అడుగులు లేదు. అడ్డుగోడ కట్టాలని కొందరు అడగకపోలేదు. అయితే ఈ దీవికి పెద్ద తుఫాను భయము లేదని వాతావరణ శాఖ అధికారి ఐజక్ క్లైన్ 1891లోనే పత్రికలో వ్రాశాడు. 1900 సెప్టెంబరు 8, శనివారము, సముద్రము పదిహేను అడుగులు లేచింది. కనీసము 6,000 మంది చనిపోయారు, ఇంకా ఎక్కువేనని చెప్పేవారూ ఉన్నారు. క్లైన్ భార్య కూడ మృతులలో ఉన్నది. 1977 నవంబరు 19న దివిసీమను చూచినవారికి ఆ రాత్రిని మేము వర్ణించనక్కరలేదు.

తీరాన కథోలిక కన్యాస్త్రీలు నడిపే అనాథాశ్రమములో 93 మంది పిల్లలు, పదిమంది సిస్టర్లు ఉండిరి. నీరు లేస్తుండగా సిస్టర్లు బట్టలారవేసే తాళ్లతో పిల్లలను తమ నడుములకు కట్టుకున్నారు. పెద్దపిల్లలు ముగ్గురు మాత్రము ఒక చెట్టును పట్టుకొని బ్రతికారు. మిగిలినవారిలో కొందరి శవాలు ఆ తాళ్లతోనే దొరికాయి. కట్టకుండా ఉంటే ఒకరిద్దరైనా బ్రతికేవారేమో అనేవారున్నారు. బిడ్డలను చేతులలో మోసినవారి మీద అలాటి తీర్పు మేము తీర్చలేము.

అంత జరిగినా జనము దీవిని విడువలేదు. 1902లో గోడ ప్రారంభించి, 1904 నాటికి 17 అడుగుల ఎత్తున, సుమారు ఐదు కిలోమీటర్లు కట్టారు. ఆ పథకము వేసిన ముగ్గురు ఇంజనీర్లలో ఒకరు హెన్రీ రాబర్ట్. సభలలో తీర్మానము ప్రతిపాదించుట, బలపరచుట అనే పద్ధతులకు ప్రసిద్ధ గ్రంథము వ్రాసినది ఆయనే. ఒక సంఘ సమావేశములో అధ్యక్షత వహించి ఆ గొడవను అదుపు చేయలేక ఆ పనికి పూనుకున్నాడట! మన కమిటీ మీటింగులను ఎరిగినవారు నవ్వుకుంటారు.

గోడ ఒక్కటే చాలదని ఊరినే ఎత్తారు. సుమారు 2,000 కట్టడాలను జాకీలతో లేపి, వాటి క్రిందికి నీటితో కలిపిన ఇసుకను గొట్టాల ద్వారా పంపారు. 3,000 టన్నుల సెయింట్ ప్యాట్రిక్ దేవాలయమును 700 జాకీలతో ఐదడుగులు లేపారు. ఎవరి ఇల్లు ఎత్తే ఖర్చు వారిదే. పెరటి తోటలన్నీ పూడిపోయాయి. ఏళ్ల తరబడి జనము బల్లవంతెనల మీద నడిచారు. పని ముగిసేసరికి 1911 వచ్చింది. 1915లో మరల పెద్ద తుఫాను వచ్చినప్పుడు గోడ ఊరిని కాచింది.

నేడు అక్కడ కాపురమంటే ఏమిటి? గోడ లేని పడమటి భాగములో ఇండ్లు ఎత్తైన స్తంభాల మీద ఉంటాయి, క్రింద కారు మాత్రమే. ఉప్పుగాలికి ఇనుము నిలువదు. ఇన్సూరెన్సు గాలికి వేరు, వరదకు వేరు; ఇల్లు కూలినప్పుడు కూల్చినది గాలియా నీరా అని తగవు. బయటపడుటకు ఉత్తరాన పెద్ద వంతెన, పడమటి కొసన మరొకటి, తూర్పున ఉచిత పడవ. గాలి పెరిగితే పడవ ఆగిపోతుంది గనుక ముందే కదలాలి. 2005లో రీటా తుఫానప్పుడు రోడ్ల మీద గంటల తరబడి చిక్కుకున్నవారిలో కొందరు 2008లో ఐక్ తుఫానుకు కదలలేదు.

ఆ ఐక్ నీరు గోడ ఎదుటి నుండి గాక వెనుక అఖాతము వైపు నుండి ఊరిలోకి వచ్చింది. ఉప్పునీటికి వేలాది చెట్లు చచ్చాయి. వాటి మోడులను కొందరు బొమ్మలుగా చెక్కించుకున్నారు. ప్రభుత్వము పేదలకిచ్చిన 569 ఇండ్లు పాడైపోగా కూల్చివేశారు. వాటిని తిరిగి కట్టుటకు ఊరివారే కొందరు అడ్డుచెప్పగా ఏళ్లు గడిచాయి. సముద్రము కనబడే గదులకు అద్దె పెరిగింది. ఆ గదులు తుడిచేవారిలో అనేకులు ఉదయమే ఆవలి గట్టు నుండి వంతెన దాటి పనికి వస్తున్నారు.