మత్తడి మీద ఈటెలు, వాగులో కరెంటు తీగలు: వెంటనే ఆపండి

మృగశిర కార్తె నాడు చేప తినడం మన ఇంటింటి ఆచారం. దాని వెనకే తొలి వరద వస్తుంది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఏ చెరువు మత్తడి దుంకినా కుర్రవాళ్లు ఈటెలు, గొడ్డళ్లు, దోమతెరలు పట్టుకొని అక్కడికి చేరతారు. ఇప్పుడు దీనికి ఫోన్లో చూసిన మోజు కూడా తోడైంది. సముద్రంలో ఊపిరి బిగబట్టి మునిగి, ఈటె తుపాకీతో చేపను కొట్టే వీడియోలు చూసి మన చెరువుల్లో, గోదావరిలో అదే చేయాలనుకుంటున్నారు. కొత్తగా ఈటె పట్టాలనుకునే ప్రతి ఒక్కరూ ఈ హెచ్చరిక వినాలి.

ఆ వేట తేట నీళ్లది. కొట్టే ముందు ఏ చేపో, ఎంత చేపో కళ్లారా చూడాలి. తినని దాన్ని, పిల్లను కొట్టకూడదు. ఒకరు మునిగితే ఇంకొకరు పైన కాపలా ఉండాలి. వానాకాలంలో మన నీళ్లు ఎర్రమట్టి కలిసి మూరెడు లోతు కూడా కనిపించవు. అందులో ఈటె విసిరితే తగిలేది చేపా, పక్కవాడి కాలా తెలియదు. గబగబా ఊపిరి తీసి వదిలి మునిగితే ఎక్కువసేపు ఉండొచ్చన్నది మరో ప్రాణాంతకమైన నమ్మకం. అలా చేస్తే ఒంట్లోని బొగ్గుపులుసు వాయువు తగ్గి, ఊపిరి కావాలన్న ఆరాటమే పుట్టదు. మనిషి తనకు తెలియకుండానే నీళ్లలో స్పృహ తప్పుతాడు.

చేపల సంగతి చూడండి. బొచ్చె, రోహు నిలవ నీటిలో గుడ్లు పెట్టవు. పారే నీళ్లు తగలగానే గుడ్లతో నిండిన కడుపుతో ఎదురెక్కుతాయి. కిలో బరువున్న రోహు కడుపులో లక్షకు పైగా గుడ్లుంటాయి. మత్తడి దగ్గర సులువుగా దొరికేది ఆ తల్లే. కొర్రమట్ట మన రాష్ట్ర చేప. అది గాలి పీల్చడానికి పైకి రాక తప్పదు, వేటగాడు కాచుకునేది సరిగ్గా ఆ క్షణం కోసమే. నీటి మీద ఎర్రటి పిల్లల గుంపు కదులుతుంటే కిందే తల్లో తండ్రో కాపలా ఉందని అర్థం. ఆ ఒక్కదాన్ని పొడిస్తే పిల్లలన్నీ పెద్ద చేపల, కొంగల పాలవుతాయి. పిల్లల మీదున్న కొర్రమట్టను కొట్టేవాణ్ణి వేటగాడని నేను ఒప్పుకోను.

పైగా ఆ చేప ఎవరిది? 2016 నుంచి ప్రభుత్వం చెరువుల్లో ఉచితంగా చేపపిల్లలు వదులుతోంది. వాటిని కాపాడి, పట్టి అమ్ముకొని బతికేది మత్స్యకార సొసైటీల్లోని ముదిరాజ్, గంగపుత్ర కుటుంబాలు. బయ్యారం పెద్దచెరువైనా, ఘనపూర్ గణపసముద్రమైనా, కాకతీయుల కాలం నుంచి ఊళ్లను సాకుతున్న నీళ్లవి. సొసైటీని అడగకుండా ఈటె దించడం వాళ్ల కంచంలో చెయ్యి పెట్టడమే.

ఈటె కనీసం ఒక్క చేపనే కొడుతుంది. కరెంటు తీగ, జిలెటిన్, పురుగుమందు మాత్రం గుడ్డుతో సహా నీటిని చంపుతాయి. మోటారు తీగ తెచ్చి వాగులో వేసినవాడు చేపలు ఏరుకుందామని తడికాలితో దిగితే అక్కడే పడిపోతాడు. వాణ్ణి లాగబోయినవాడు, నీళ్లు తాగే బర్రె, అవతల బట్టలుతికే మనిషి కూడా ఆ కరెంటులోనే ఉంటారు. దొంగ కరెంటుకు 2003 విద్యుత్ చట్టం 135వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు ఉంది. తోటాలకు, విషానికి మాత్రం 1897 నాటి మత్స్య చట్టం చెప్పే శిక్ష రెండు నెలల జైలు లేదా రెండు వందల రూపాయల జరిమానా. కిలో కొర్రమట్ట కూడా రాని డబ్బది. ఆ అంకె మారాలి.

నీళ్ల బలాన్ని మన జిల్లాలు మరిచిపోయే పరిస్థితి లేదు. 2023 జూలై 27న మోరంచవాగు పొంగితే మోరంచపల్లి జనం ఇళ్ల కప్పులెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. 2024 సెప్టెంబరు 1న మరిపెడ మండలం పురుషోత్తమాయగూడెం దగ్గర ఆకేరు తండ్రీకూతుళ్లను కారుతో సహా ఊడ్చుకుపోయింది. 2025 జూన్‌లో మేడిగడ్డ దగ్గర గోదావరిలో స్నానానికి దిగిన ఆరుగురు కుర్రవాళ్లు మళ్లీ ఇంటికి రాలేదు. మత్తడి కింది నాచురాళ్ల మీద నిలబడి ఈటె ఎత్తేవాడి కాలు జారడానికి వరద దాకా కూడా అక్కర్లేదు.

అందుకే సర్పంచులకు, సొసైటీ పెద్దలకు ఒక విన్నపం. ఈ వారమే డప్పు చాటింపు వేయించండి: వరద తగ్గి నీళ్లు తేటపడేదాకా మత్తళ్ల దగ్గర వేట వద్దని, కరెంటు పెట్టినవాళ్లను వదిలేది లేదని. అమ్మానాన్నలారా, ఇంట్లో తీగచుట్ట మాయమైతే పిల్లల్ని అడగండి. నీళ్లలో తీగ కనిపిస్తే దిగకండి, ఎవరినీ దిగనివ్వకండి. ముందు కరెంటు తీయించండి. విద్యుత్ శాఖకు 1912, పోలీసులకు 112.