రూపాయి వృత్తంలో కానరాని లెక్క

కేంద్ర బడ్జెట్ వెలువడిన మర్నాడు రూపాయి రాకపోకల వృత్తచిత్రం ముద్రించడం పత్రికలకు ఆనవాయితీ. 2025-26 చిత్రంలో అప్పుల వాటా 24 పైసలు, ఆదాయపు పన్ను 22, జీఎస్టీ 18, కార్పొరేట్ పన్ను 17. అంకెలు చెరిపివేస్తే, చివరి రెండింటిలో ఏ ముక్క పెద్దదో కన్ను తేల్చలేదు. కోణాలకన్నా ఒకే పీఠంపై నిలిచిన కమ్మీల ఎత్తులనే మనిషి సరిగా పోల్చగలడని అమెరికా గణాంకవేత్తలు క్లీవ్‌లండ్, మెక్‌గిల్ 1984లోనే ప్రయోగపూర్వకంగా చూపారు. అంతకన్నా పెద్ద లోపం, 2024 జూలై బడ్జెట్‌లో 27 పైసలున్న అప్పుల వాటా తగ్గిన సంగతి ఈ వృత్తంలో కానరాకపోవడం. అది సర్కారుకు అనుకూలమైన వార్తే అయినా సరే! విద్యార్థులకు శాతాన్ని 3.6తో గుణించి కోణం గీయడం నేర్పితే చాలదు. ఏ ప్రశ్నకు ఏ చిత్రం తగునో నేర్పాలి. కమ్మీలనైనా సున్నా నుంచే గీయాలి. 15 నుంచి మొదలుపెడితే, 17 పక్కన 24 నాలుగున్నర రెట్లుగా కనబడుతుంది.