హాస్టల్ గేటు మీద ఏ బొమ్మ?

విశ్వవిద్యాలయానికి ముద్ర ఎందుకు? కాగితాల మీద అందానికా? కాదు. మేమెవరం, ఎవరికోసం అని ఒక్క బొమ్మలో చెప్పుకోవడానికి. ఆంధ్ర విశ్వవిద్యాలయం ముద్రనే చూడండి. మన చిత్తూరు జిల్లా బిడ్డ కట్టమంచి రామలింగారెడ్డి సలహాతో కౌతా రామమోహనశాస్త్రి గీసిందది. ఉదయించే సూర్యుడు విశ్వవిద్యాలయం, కిరణాలు చదువు శాఖలు, రెండు పాములు జ్ఞానాన్ని వెతికేవాళ్లు, కాపాడేవాళ్లు. గీతగీతకూ అర్థముంది.

మరి అనంతపురంలో రాయల పేరు పెట్టుకున్న విశ్వవిద్యాలయం హాస్టల్ గేటు మీద ఏ బొమ్మ ఉండాలి? వరాహం, కత్తి, సూర్యచంద్రులు అంటారు చాలామంది. విజయనగర రాజముద్ర అదే. వరహా నాణేనికి పేరొచ్చిందీ ఆ వరాహం వల్లనే. గొప్పదే, కాదనను. కానీ ఆ గదుల్లో ఉండేది రాజుల బిడ్డలు కాదు. శెనక్కాయ రైతుల బిడ్డలు, కూలోళ్ల బిడ్డలు. నేనూ ఒకప్పుడు హాస్టల్లో బకెట్టు పట్టుకుని ట్యాంకర్ కోసం వరుసలో నిలబడినవాణ్ణే. ఆ వరుసలో ఎవరికీ కత్తి గుర్తుకు రాలేదు.

విజయనగరం మనకు కత్తి ఒక్కటే ఇచ్చిపోలేదు. మొదటి బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడయరు 1364లో అనంతపురం చెరువు కట్టించాడు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బతికే నేలకు చెరువు తూమును మించిన రాజముద్ర ఏముంది? పక్కన శెనక్కాయ చెట్టు వేయండి. పూత పైన, కాయ మట్టిలోన. సీమ బిడ్డ కష్టం కూడా అంతే, పైకి కనపడదు.

కింద రెండు అంకెలు రాయండి: 1937, 1981. 1937 నవంబరు 16న శ్రీబాగ్ ఒడంబడికలో ఆంధ్ర విశ్వవిద్యాలయం రెండో కేంద్రం అనంతపురంలో పెడదామని పెద్దమనుషులు రాసుకున్నారు. ఇక్కడ విశ్వవిద్యాలయం వచ్చింది 1981లో. నడుమ 44 ఏండ్లు! అదే కాగితంలో సీమ నీళ్లకు మొదటి పీట అని కూడా ఉంది. ఆ పీట ఇంకా వేయలేదు.

బొమ్మ కడుపు నింపుతుందా అని అడుగుతారు. నింపదు. మెస్ బిల్లూ తగ్గించదు. కానీ కొత్తగా చేరిన పిల్లోడు గేటు దగ్గర ఆగి, ‘ఈ అంకెలేందన్నా?’ అని అడుగుతాడు. ఆ ప్రశ్నే మనకు కావాల్సింది.

విద్యార్థులారా, బొమ్మ మీరే గీయండి. ఉద్యోగ మిత్రులారా, వాళ్ల అర్జీని ఫైళ్ల కింద తొక్కిపెట్టకండి. 44 ఏండ్లు ఎదురుచూసింది చాలు.