దారి వెతుక్కోనివ్వాలి

2002లో బెథెస్డా సంస్థ తెచ్చిన 'మారోవిండ్' ఆటలో ఎవరైనా ఒక పని అప్పగిస్తే దారి కూడా మాటల్లోనే చెప్పేవారు. ఊరు దాటి ఏటి వెంట వెళ్లాలి, వంతెన దగ్గర తిరగాలి, గుట్ట మీద పాడుబడ్డ కోట కనిపిస్తే దాని వెనకే గుహ అన్న వరసలో ఉండేవి ఆ గుర్తులు. అవి డైరీలో రాసి ఉంటాయి. ఆపైన ఆడేవారి చూపు, ఓపిక. అదే వరుసలో 2006లో వచ్చిన 'ఆబ్లివియన్' తెర మీద దిక్సూచి పెట్టి, వెళ్లాల్సిన చోటును గుర్తుతో చూపించింది. 2011 నాటి 'స్కైరిమ్' ఇంకొంచెం ముందుకు వెళ్లింది. మారోవిండ్‌లో 27గా ఉన్న నైపుణ్యాలు 18కి తగ్గాయి. బలం, తెలివి, చురుకుదనం లాంటి 8 గుణాల పట్టికను పూర్తిగా ఎత్తేశారు. ఆ స్కైరిమ్ 6 కోట్ల కాపీలకు పైగా అమ్ముడుపోయింది. అప్పటినుంచీ ఒక వాదన నడుస్తూనే ఉంది. నలుగురినీ రాబట్టడం కోసం ఆటలను పలచన చేస్తున్నారని పాత అభిమానుల బాధ. నలుగురూ ఆడుకుంటే మీకొచ్చిన నష్టమేమిటని కొత్తవారి ప్రశ్న. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. తీసేసినదేమిటో విడివిడిగా చూస్తే తప్ప ఈ తగవు తేలదు.

తీసేసిన వాటిలో పోతే పోయిందనుకోవాల్సినవి చాలానే ఉన్నాయి. మారోవిండ్‌లో కత్తి ఎదుటివాడికి తగిలినట్టు కళ్లకు కనిపించేది. లోపల పాచికల లెక్క తప్పితే మాత్రం దెబ్బ తగలనట్టే. ఆట గురించి ఏమీ తెలియకముందే యోధుడివో మాంత్రికుడివో తేల్చుకోమనేది. స్కైరిమ్‌లో ఆ చిక్కు లేదు. విల్లు ఎక్కువగా వాడితే విలువిద్య పెరుగుతుంది, మంత్రం ఎక్కువగా వాడితే మంత్రవిద్య పెరుగుతుంది. చేస్తూ చేస్తూ మనమేమిటో తేలుతుంది. పట్టికలు తగ్గాయి కానీ ఎంచుకునే స్వేచ్ఛ తగ్గలేదు.

దారి గుర్తు సంగతి అలా కాదు. దిక్సూచి వచ్చాక ఆటలోని మనుషులు దారి చెప్పడం మానేశారు. చెప్పాల్సిన అవసరం లేకపోయింది మరి. ఇప్పుడు ఎవరైనా పట్టుదలతో ఆ గుర్తును ఆపేసి ఆడదామన్నా చాలాచోట్ల కుదరదు. ఎటు వెళ్లాలో చెప్పే మాట ఒక్కటీ ఉండదు. కళాకారులు ఏళ్ల తరబడి చెక్కిన కొండలు, వాగులు, శిథిలాలు పక్కనుంచి జరిగిపోతుంటే ఆడేవారి కళ్లు చిన్న గుర్తుకు అతుక్కుపోయి ఉంటాయి. ఇక్కడ పోయింది ఒట్టి కష్టం కాదు. చుట్టూ చూసే అవసరం పోయింది. ఆ ఆటకు ప్రాణం అదే.

పాత ఆటల కష్టమంతా గొప్పదేమీ కాదని కూడా ఒప్పుకోవాలి. ఆర్కేడ్ యంత్రాలు ఆడేవారిని తొందరగా ఓడించేది మరో నాణెం వేయించుకోవడానికే. 1985లో వచ్చిన 'సూపర్ మారియో బ్రదర్స్' మొత్తం పరిమాణం 40 కిలోబైట్లు. నేడు ఫోనులో తీసే ఒక్క ఫొటో అంతకు ఎన్నో రెట్లుంటుంది. అంత చిన్న ఆటలు నెలల తరబడి నిలవాలంటే కఠినంగా ఉండక తప్పదు. 1990లలో మన ఊళ్లలో టీవీకి తగిలించుకుని ఆడిన క్యాసెట్లలో తరచూ కనిపించిన 'కాంట్రా'లో ఇచ్చేది మూడే ప్రాణాలు. 30 ప్రాణాలు తెచ్చిపెట్టే బటన్ల వరుస మాత్రం దేశదేశాల పిల్లల నోట ప్రచారమైంది. ఆ వరుస పుట్టిన తీరు గుర్తుంచుకోదగ్గది. 1986లో 'గ్రాడియస్' ఆటను ఇంటి కన్సోల్ కోసం సిద్ధం చేస్తున్న కజుహిసా హషిమోటో, పరీక్షించడానికి ఆ ఆటను చివరిదాకా ఆడలేక తన సౌకర్యం కోసం దాన్ని పెట్టుకున్నారు. చేసినవారికే చేయూత కావాల్సివచ్చింది. సులువు కోరడం చేతకానితనమని ఎవరైనా అంటే ఈ సంగతి చెప్పాలి.

చేయూతకు అందమైన రూపాలు తర్వాత చాలా వచ్చాయి. 2018 నాటి 'సెలెస్ట్' కొండ ఎక్కాల్సిన చాలా కఠినమైన ఆట. అయినా కావాలనుకున్నవారు వేగం తగ్గించుకోవచ్చు, అలసట లేకుండా చేసుకోవచ్చు, దెబ్బ తగలకుండానూ పెట్టుకోవచ్చు. కొండను మాత్రం ఎవరి కోసమూ చదును చేయలేదు. 2020లో వచ్చిన 'ద లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2'లో చూపు, వినికిడి, కదలికల ఇబ్బందులున్నవారి కోసం 60కి పైగా సదుపాయాలు పెట్టారు. శబ్దాల ఆధారంగా దారి తెలుసుకుంటూ చూపులేనివారు ఆ ఆటను పూర్తిచేశారు. ఇలాంటి మార్పులను కూడా 'పలచన' అనడం అన్యాయం. ఆటలోని భయం, ఎంపిక, ఉత్కంఠ అన్నీ ఉన్నచోటనే ఉన్నాయి. అక్కడికి రాలేకపోయినవారు రాగలిగారు.

సౌకర్యం పేరుతో మనిషినే తప్పించిన సందర్భమూ ఉంది. 2004లో మొదలైన 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్'లో ఐదుగురు కలిసి వెళ్లాల్సిన గుహలుంటాయి. మొదట్లో ఆ నలుగురు తోడును సందేశాలు పంపి, అడిగి, బతిమాలి కూర్చుకోవాలి. గుహదాకా కలిసి నడవాలి. దారి పొడవునా కబుర్లు. అలా పరిచయాలు పెరిగి స్నేహాలయ్యేవి. 2009 చివర్లో ఒక బటన్ వచ్చింది. నొక్కితే చాలు, వేరే సర్వర్ల నుంచి నలుగురు దిగుతారు, పని కాగానే మాయమవుతారు. మళ్లీ కనిపించరు. ఆదా అయిన సమయం నిజమే. అయితే, 2019 ఆగస్టులో పాత పద్ధతిలోనే 'క్లాసిక్' రూపం విడుదల చేస్తే సర్వర్ల ముందు బారులు తీరారు. వారు కోరుకున్నది పాత ఇబ్బందిని కాదు, ఆ ఇబ్బందిలో దొరికిన సావాసాన్ని.

తయారీదారులు ఇలా ఎందుకు చేస్తున్నారంటే దురుద్దేశం వెతకనక్కర్లేదు. పెట్టుబడి చాలు. 2023లో అమెరికా కోర్టుకు చేరిన పత్రాల వల్ల 'ద లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2' తయారీకి సుమారు 22 కోట్ల డాలర్లు అయినట్టు లోకానికి తెలిసింది. అంత సొమ్ము పెట్టినవారికి ఒక్క ఆటగాడు మధ్యలో విసిగి వదిలేసినా గుండె గుభేలుమంటుంది. విడుదలకు ముందు కొందరిచేత ఆడించి చూస్తారు. ఎవరైనా ఆగిపోయిన ప్రతిచోటా ఒక సూచన చేరుస్తారు. ఎక్కాల్సిన గోడ అంచుకు పసుపు రంగు పూస్తారు. 2022 నాటి 'గాడ్ ఆఫ్ వార్ రాగ్నరాక్'లో చిక్కుముడి ముందు నిలబడి ఆలోచించేలోపే తోడున్న పాత్ర జవాబు అందించేస్తోందని చాలామంది నొచ్చుకున్నారు. ఆగిపోవడమూ ఆటలో భాగమేనన్న సంగతిని ఈ పద్ధతి మరిచిపోయింది. ఆగినప్పుడే ఆలోచన మొదలవుతుంది. జవాబు మనకే తట్టినప్పటి సంతోషాన్ని ఎంత ఖరీదైన దృశ్యమూ ఇవ్వలేదు.

ఫోన్ ఆటల్లో మేలూ కీడూ పక్కపక్కనే కనిపిస్తాయి. కంప్యూటర్ కొనలేని లక్షలాది కుర్రాళ్లకు 'పబ్జీ మొబైల్', 2021 నుంచి 'బీజీఎంఐ' రెండు బొటనవేళ్లతో ఆడే వీలు కల్పించాయి. తుపాకీ గురి విషయంలో కొంత సాయం ఉంటుంది, సరంజామా దానంతటదే చేతికొస్తుంది, కొత్తవారికి ఎదురయ్యే ప్రత్యర్థుల్లో చాలామంది కంప్యూటర్ నడిపే బాట్లు. అయినా పైకి వెళ్లేకొద్దీ అడుగుల చప్పుడు వినడం, కుంచించుకుపోయే వలయంలో చోటు ఎంచుకోవడం, జట్టుతో మాట కలపడం అన్నీ అవసరమవుతాయి. ప్రవేశం సులువు, లోతు పదిలం. మరో రకం ఆటల్లో 'ఆటో' నొక్కితే పాత్ర తానే నడిచి, తానే కొట్టి, తానే గెలిచి వస్తుంది. ఆడేవారికి మిగిలేది నాణేలు, రత్నాలు, పాస్‌లు, పెట్టెల లెక్క చూసుకోవడమే. అక్కడ ఆట సులువైంది, దుకాణం చిక్కుపడింది. పిల్లల తల్లిదండ్రులు ఆందోళన పడాల్సింది ఈ రెండో రకం గురించి. బుర్రకు పని చెప్పకుండా చేతిని జేబువైపు నడిపించే ఆట ఎంత రంగులమయంగా ఉన్నా ఆటల లెక్కలోకి రాదు.

జనం విస్తారంగా రావాలంటే లోతు తగ్గించక తప్పదన్న నమ్మకాన్ని ఈ మధ్యకాలపు గొప్ప విజయాలే కాదంటున్నాయి. హిడెటాకా మియజాకీ నేతృత్వంలో ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ 2022 ఫిబ్రవరిలో తెచ్చిన 'ఎల్డెన్ రింగ్' కనికరం లేని ఆటగా పేరుబడింది. మూడు వారాల్లోపే కోటీ 20 లక్షల కాపీలు దాటింది. ఆ సంస్థ పాత ఆటలకన్నా ఇందులో కొన్ని సడలింపులున్నాయి. ఎక్కి తిరగడానికి గుర్రం ఉంది, సాయానికి పిలుచుకోదగ్గ ఆత్మలున్నాయి. ఒకచోట ఓడితే మరోవైపు వెళ్లి బలం పెంచుకుని రావచ్చు. శత్రువు కదలికను గమనించి నేర్చుకోవాలన్న షరతును మాత్రం వదలలేదు. 2017 నాటి 'బ్రెత్ ఆఫ్ ద వైల్డ్' గోపురం ఎక్కించి, చుట్టూ చూసి గుర్తులు మీరే పెట్టుకోండంది. 2018 నాటి 'అసాసిన్స్ క్రీడ్ ఒడిస్సీ' గుర్తులు చూపే పద్ధతితోపాటు మాటల ఆధారంగా వెతుక్కునే పద్ధతినీ ఇచ్చింది. వంతులవారీగా, పాచికల లెక్కలతో నడిచే 'బాల్డర్స్ గేట్ 3' పాతకాలపు వ్యవహారమనిపించుకోవాల్సింది. అదే 2023లో గేమ్ అవార్డ్స్‌లో ఆ ఏటి మేటి ఆటగా నిలిచింది.

నియమాలు తగ్గితే లోతు తగ్గుతుందన్న భయమూ అక్కర్లేదు. 1984లో అలెక్సీ పజిట్నోవ్ చేసిన 'టెట్రిస్' నియమాలు చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. మన అరుగుల మీద గీసి ఆడిన పులి-మేకలోనూ అంతే. మేక దూకలేదు, పులి దూకగలదు, మేకలన్నీ కలిస్తే పులి కట్టుబడుతుంది. ఆ కాస్త మాటతో ఐదేళ్ల పిల్ల తాత ఎదుట కూర్చోగలదు. తాతను ఓడించడానికి మాత్రం ఏళ్లు పడుతుంది. సరళత అంటే అది. దాన్ని తేలికతనంతో కలిపేయకూడదు.

నిజంగా ఎక్కువమందిని చేరాలన్న కోరిక ఉంటే తొలగించాల్సిన అడ్డంకులు వేరే ఉన్నాయి. పెద్ద ఆటల్లో తెలుగు అక్షరం కనిపించడం అరుదు. కథంతా సంభాషణల్లో నడిచే ఆటను మన జిల్లా పట్టణపు కుర్రవాడు సగం అర్థం చేసుకుని ఆడాలి. కొత్త కన్సోల్ ఆట ధర 5 వేల రూపాయల దాకా ఉంటుంది. అతణ్ణి ఆపుతున్నది చిక్కుముడి కాదు. ఆ అర్థంకాని భాష, ఆ అందని ధర. అనువాదం ఖర్చుతో కూడిన పనే. అయినా ఆలోచనను తీసేయడం కంటే అది ఎంతో గౌరవప్రదమైన సులభీకరణ. హైదరాబాద్‌లో ఆటల తయారీ పనుల్లో ఉన్న మన యువతీయువకులు ఈ మాటను తమ సంస్థల్లో ఎత్తితే బాగుంటుంది.

ఆటను రూపొందించేవారు ఏదైనా తీసేసే ముందు ఒక్క ప్రశ్న వేసుకోవాలి: ఇది ఆటకు బయటున్న బరువా, ఆటేనా? మెనూల గందరగోళం, చదవలేని అక్షరాలు, ఓడిన ప్రతిసారీ అరగంట వెనక్కి నెట్టే శిక్ష లాంటివి బరువు, దించేయవచ్చు. గమనించడం, తప్పటడుగు వేయడం, ఎంచుకోవడం, తోడు వెతుక్కోవడం ఆట. వాటిని తీసేసి అందరికీ పంచడంలో ఉదారత లేదు. కొత్తగా వచ్చేవారు తక్కువ తెలివిగలవారన్న అంచనా మాత్రమే ఉంది. ఆ అంచనా తప్పని వారు ఇప్పటికే పలుమార్లు రుజువు చేశారు. ఇల్లాలైనా, బడిపిల్లవాడైనా, పదవీవిరమణ చేసిన ఉద్యోగి అయినా, మొదటి అడుగు వేయడానికి చేయందిస్తే చాలు, తర్వాతి అడుగులు తామే వేసుకుంటారు. కష్టమైనదాన్ని నేర్చుకునే ఆనందం కొద్దిమంది నిపుణుల సొత్తు కాదు. దాన్ని అందరికీ అందించడమే ఆటలు తలపెట్టాల్సిన విస్తరణ.