పనిముట్టును సాయంత్రం నాలుగింటికి చూడాలె



ఈ మధ్య ఇన్‌బాక్సుల అందరూ ఒకటే అడుగుతున్నరు. "అన్నా, ఏ కంపెనీ డ్రిల్ కొనాలె? ఏ ఫోన్ మంచిగుంటది?" ఒక్కొక్కరికి జవాబు ఇచ్చుడు అయితలేదు, అందుకే ఇక్కడ రాస్తున్న. నేను పదో తరగతి చదివినోన్ని, ఇంజినీరును కాదు. దుబాయిల తొమ్మిదేండ్లు, ఇక్కడ డల్లాస్ పక్కన ఎనిమిదేండ్లు ఇండ్ల పనే చేసిన. ఇప్పుడు పన్నెండు మంది మీద సూపర్‌వైజర్ని. తప్పు ఉంటే చెప్పండి, దిద్దుకుంట.

నా అభిప్రాయం ముందుగాలనే చెప్తున్న. డబ్బా మీది అంకె చూసి పనిముట్టును కొనొద్దు. షాపుల చేతిల పట్టుకొని ర్‌ర్‌ర్ మని తిప్పి చూసి కూడా కొనొద్దు. కొత్తది పొద్దున ఏడింటికి ఏదైనా మంచిగనే నడుస్తది. ఏడాది వాడినంక, ఎండల, సాయంత్రం నాలుగింటికి ఎట్ల నడుస్తదో అదే దాని అసలు పని. ఫోన్‌కు కూడా ఇదే లెక్క.

ఇది నాకు ఒక పిల్లగాని వల్ల తెలిసింది. పోయిన జూలైల మా దగ్గర నిజామాబాద్ దిక్కు తమ్ముడు ఒకడు కొత్తగా చేరిండు. రెండో అంతస్తుల ప్లైవుడ్ పరిచి స్క్రూలు కొట్టే పని. పొద్దున బాగనే చేసేటోడు, మధ్యాహ్నం అయ్యేసరికి వెనకబడేటోడు. మూడు రోజులు చూసిన. నాలుగో రోజు అందరి ముంగట "తింటలేవా, చేతుల బలం లేదా" అని అనేసిన. వాడు తల వంచుకొని "సరే అన్నా" అన్నడు. ఆ వారం గంటల లెక్క పంపేటప్పుడు వాని పేరు పక్కన "స్లో" అని కూడా రాసిన.

తెల్లారి వాడు నీళ్లు తాగ పోతే ఆ ఇంపాక్ట్ డ్రైవర్ నేనే పట్టుకున్న. బ్యాటరీ మీద మూడు గీతలు వెలుగుతున్నయి. పదిహేను స్క్రూలు కొట్టేసరికి ఒక్క గీతకు వచ్చింది. ఇంకొన్ని కొట్టంగనే ఆగిపోయింది. ముట్టుకుంటే చెయ్యి కాలేటంత వేడి. సంగతి ఏందంటే, పొద్దున పాతోళ్లు మంచి బ్యాటరీలు తీసుకుంటరు. మిగిలింది కొత్తోనికి వస్తది. వాడు అడగలేడు. నాలుగు నెలల కింద వచ్చినోడు ఎవరిని అడుగుతడు? బలం లేనిది బ్యాటరీకి, మాట పడ్డది మనిషి.

ఆ సాయంత్రం ఆఫీసుకు ఫోన్ చేసి ఆ "స్లో" తీసేయించిన. అందరి ముంగట అన్న మాటను అందరి ముంగటనే వాపస్ తీసుకున్న. సిగ్గయింది, కానీ తప్పదు.

అప్పటి నుంచి ఒక పని చేస్తున్న. ప్రతి బ్యాటరీ మీద మార్కర్‌తోని నంబరు, కొన్న నెల రాసి పెట్టిన. నెలకోసారి అన్నింటిని పూర్తిగా చార్జ్ చేసి, ఒకే రకం కట్టెల, ఒకే సైజు మూడించుల స్క్రూలు కొట్టి లెక్క పెడుతం. మంచిది ఎన్ని కొడుతదో రాసుకుంటం. అందుల సగానికి తక్కువ కొట్టేదాన్ని పక్కకు పెడుతం. పొద్దున బ్యాటరీలు వంతుల వారీగా ఇస్తం. దీనికి ఏ మిషనూ అక్కర లేదు, ఒక నోటుబుక్కు చాలు.

డబ్బా మీది అంకెల సంగతి కూడా చెప్పాలె. ఇక్కడ డివాల్ట్ మీద 20 వోల్ట్ మ్యాక్స్ అని ఉంటది. మిల్వాకీ, మకీటా మీద 18 అని ఉంటది. మనోళ్లు 20 ఎక్కువ బలం అనుకుంటరు. రెండింట్ల లోపల ఐదు సెల్లులే వరుసగా ఉంటయి. ఫుల్ చార్జ్ మీద ఒక్కో సెల్లు సుమారు 4 వోల్టులు, ఐదు కలిస్తే 20. పని మీద సగటున 3.6, ఐదు కలిస్తే 18. రెండూ ఒకటే, పేరు వేరే. నిజంగ చూడాల్సింది దాని పక్కన చిన్నగా రాసిన ఆంప్-అవర్. 18ని 5తోని గుణిస్తే 90 వాట్-అవర్లు. అంటే ఆ బ్యాటరీల ఉన్న సరుకు అంత.

ఇంకొకటి, పనిముట్టు ఎంత జోరుగ తిరుగుతదని అందరూ అడుగుతరు. ఎంత తొందరగ ఆగుతదని ఎవరూ అడగరు. నాలుగున్నర ఇంచుల గ్రైండర్ నిమిషానికి సుమారు 11,000 సార్లు తిరుగుతది. స్విచ్ వదిలినంక కూడా డిస్కు తిరుగుతనే ఉంటది. బ్రేక్ ఉన్నది కొన్ని డాలర్లు ఎక్కువైనా అదే కొనండి. గార్డు తీసేసి వాడకండి. "గార్డు అడ్డం వస్తది" అనేటోళ్లకు చెప్తున్న, అది అడ్డం ఉండాల్సింది మీ వేళ్లకే. పనిముట్టు కంపెనీదైనా, మీ సొంతమైనా, సైటు మీద అది ప్రమాదం లేకుండా ఉండేటట్టు చూసే బాధ్యత యజమానిదే. ఓషా రూల్ 1926.300 ఇదే చెప్తది. గుర్తు పెట్టుకోండి, అవసరం పడుతది.

ఇగ ఫోన్. షాపుల కెమెరా ఎన్ని మెగాపిక్సెల్ అని చూపిస్తరు. మనకు ఫోన్ అంటే ఇంటి నుంచి వచ్చే పిలుపు. ఆపిల్ వాళ్లు ఐఫోన్‌ను 35 డిగ్రీల సెల్సియస్ దాకనే వాడమని రాస్తరు. డల్లాసుల జూలై, ఆగస్టు నెలల్ల ఫారన్‌హీట్ 100 దాటుతది, అంటే 38 కంటే మీద. అది నీడల లెక్క. ట్రక్కు డ్యాష్‌బోర్డు మీద ఇంకా ఎక్కువ.

రెండేండ్ల కింద ఫోన్ అట్లనే డ్యాష్‌బోర్డు మీద మర్చిపోయిన. మధ్యాహ్నం రెండు గంటలు, మన ఊర్ల రాత్రి పన్నెండున్నర. నాయిన బాత్రూముల జారి పడ్డడు. తమ్ముడు పదకొండు సార్లు చేసిండు. వేడికి ఫోన్ పని బంద్ చేసి కూర్చుంది. పని అయినంక ఆరున్నరకు చూసిన. అప్పటికి నాయినను కరీంనగర్ తీసుకపోయి కాలుకు కట్టు కట్టించిండ్రు. దేవుని దయ, ఇప్పుడు నడుస్తుండు. తమ్ముడు నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండు అనిపించింది. తప్పు ఫోన్‌ది కాదు, నాది. కానీ అప్పటి నుంచి ఫోన్ నీడల, జేబుల ఉంటది. చార్జింగ్ కూడా నీడలనే.

ఐపీ68 అని రాసి ఉంటే నీళ్లకు భయం లేదనుకోకండి. అది కొత్త ఫోన్‌కు, మంచినీళ్లల్ల చేసిన పరీక్ష. మీ ఫోన్ ఆరుసార్లు కాంక్రీటు మీద పడ్డంక, సిమెంటు నీళ్లకు ఆ లెక్క వర్తించదు. పాత ఫోన్ సాయంత్రం దాకా ఆగకుంటే ముందు సెట్టింగుల బ్యాటరీ హెల్త్ చూడండి. 80 శాతం కింద ఉంటే బ్యాటరీ మార్పించండి. వేయి డాలర్ల కొత్త ఫోన్ అక్కర లేదు. "ఫ్రీ ఫోన్" అంటే కూడా జాగ్రత్త. చాలా వరకు అది 36 నెలలు బిల్లుల కొంచెం కొంచెం తగ్గించుడు. మధ్యల లైను బంద్ చేస్తే మిగిలింది మీరే కట్టాలె. అప్పటిదాకా ఫోన్ లాక్‌ల ఉండొచ్చు, అట్లైతే ఊరికి తీసుకపోతే మన సిమ్ము పని చేయదు. 2022 నుంచి ఇక్కడ అమ్మే ఐఫోన్ 14, తర్వాతి వాటికి సిమ్ము పెట్టే సందు కూడా లేదు, ఈ-సిమ్ము ఒక్కటే.

ఊరికి తీసుకపోయేటోళ్ల కోసం చివరగా ఒకటి. దుబాయి నుంచి తెచ్చిన మిషన్లు మన దగ్గర బాగనే నడిచినయి, ఎందుకంటే అక్కడా ఇక్కడా కరెంటు సుమారు ఒకటే. ఆ ధైర్యంతోనే అమెరికా నుంచి మా బామ్మర్దికి వైరు సర్క్యులర్ సా తీసుకపోయిన. వాడు జగిత్యాలల వడ్ల పని చేస్తడు. కొత్తది వస్తుందని పాతది అమ్మేసిండు. పిన్ను అడాప్టర్ పెట్టి స్విచ్ వేసిన నిమిషంల పొగ వచ్చింది. అమెరికాల 120 వోల్టులు, మన దగ్గర 230. అడాప్టర్ పిన్ను ఆకారాన్ని మారుస్తది, కరెంటును కాదు. "పోనీ బావా" అన్నడు. వానికి కొత్త మిషన్ కొనిచ్చినంకనే తిరిగొచ్చిన.

బ్యాటరీ మిషన్ తీసుకపోవచ్చు, కానీ చార్జర్ మీద చిన్న అక్షరాలు చదవండి. 100-240 అని ఉంటేనే మన దగ్గర పనికొస్తది. విడి బ్యాటరీలు పెద్ద పెట్టెల వేయొద్దు, చేతి సంచిలనే. 100 వాట్-అవర్ల దాకా మామూలుగ రానిస్తరు. 160 దాటితే విమానంల రానియ్యరు. పైన చెప్పిన గుణకారం అక్కడ పనికొస్తది.

ఏ కంపెనీ మంచిదని అడిగితే, మీ సైటు మీద ఎక్కువమంది దగ్గర ఏది ఉంటే అదే కొనండి అంట. ఒక కంపెనీ బ్యాటరీ ఇంకో దానికి పట్టదు, పక్కోని దగ్గర అడిగి తీసుకునే అవకాశం ఉండాలె.

నా లెక్క సూపర్‌వైజర్లు అయిన అన్నలకు ఒక్క మాట. మన చేతి కింద ఎవడన్న వెనకబడితే, నోరు తెరిచే ముందు వాని మిషన్ ఒక్క పది నిమిషాలు మీరు పట్టుకొని చూడండి. మీ సైట్ల మీద బ్యాటరీలు ఎట్ల పంచుతరో కింద రాయండి, నేను కూడా నేర్చుకుంట.